రోజుకో అంగుళం

"పన్నెండింటికి ట్రక్ వస్తుంది. పూల్ విప్పి పట్టుకుపోతారు. ఇంక డిస్కషన్ లేదు," అన్నాడు దివాకర్, కాఫీ కప్పు సింకులో పెడుతూ.

"ఇంకా రెండు గంటల టైముంది కదా. ఈలోగా లీకెక్కడో నేను పట్టుకుంటే?" అంది అతని భార్య నమ్రత.

"పట్టుకునేదేముంది? అడుగున లైనర్ చిరిగింది. రోజుకో అంగుళం నీళ్లు పోతున్నాయి. ఇలాగే వదిలేస్తే గోడలు వంగిపోతాయి. పాత పూల్‌కి ఇంత పంచాయితీ ఎందుకు?"

"పట్టుకుంటే ట్రక్కుని వెనక్కి పంపిస్తావా, లేదా? అది చెప్పు."

"పంపిస్తాలే," అని నవ్వాడు దివాకర్.

ఆ నవ్వుకి నమ్రతకి ఒళ్లు మండింది. జాకెట్ తగిలించుకుని బ్యాక్‌యార్డ్‌లోకి నడిచింది. అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఫిబ్రవరి చలి చెవులు కొరికేస్తోంది.

పూల్ అంటే మరీ పెద్దదేం కాదు. నేలమీద నిలబెట్టిన గుండ్రటి తొట్టి, ఛాతీ లోతు, లోపల నీళ్లు కారకుండా లైనర్ అనే ప్లాస్టిక్ పొర. అక్టోబర్‌లో చలికాలానికని మూసేసి నల్ల కవరు కప్పారు. కవరు మీద వాననీళ్లు చేరితే తోడెయ్యడానికి, నీళ్లు తగలగానే దానంతటదే తిరిగే ఒక చిన్న పంపు దానిమీదే పెట్టారు. చూసేవాళ్లకి అంతే. కానీ పోయిన వేసవిలో, నలభై మూడో ఏట, ఎవరి కళ్లూ పడని ఆ కంచె వెనక, లెగ్గింగ్స్‌తో టీషర్ట్‌తో దిగి నమ్రత ఈత నేర్చుకుంది అందులోనే. మూసే ముందురోజు ఈ గోడ నుంచి ఆ గోడకి కాలు కింద ఆనించకుండా వెళ్లింది. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఏ ప్రమోషనూ ఆమెకి అంత ఆనందం ఇవ్వలేదు. అలాంటి పూల్‌ని ఊడబీకి ట్రక్కెక్కిస్తానంటే ఊరుకుంటుందా?

పైగా ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. దివాకర్ లాంటి డెవలపర్లు అడ్డంగా వాదిస్తుంటే తప్పెక్కడుందో వేలుపెట్టి చూపించడం ఆమెకి రోజూ ఉండే పనే.

"దివా, ఇటొచ్చి ఈ టేపులు చూడు!"

దివాకర్ చేతులు జేబుల్లో పెట్టుకుని వచ్చాడు. నమ్రత కవరు అంచు ఎత్తింది. లోపలి గోడకి నీలం టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. వారం నుంచి రోజూ పొద్దున్నే నీళ్లు ఎక్కడిదాకా ఉంటే అక్కడ ఒక ముక్క అంటిస్తూ వచ్చింది.

"సోమ, మంగళ, బుధ. రోజుకో అంగుళం కిందికి దిగాయి. ఇదిగో గురువారం, శుక్రవారం, ఇవాళ. ఒక్క గీత కూడా తగ్గలేదు."

"అయితే?"

"బుధవారం టేపు అంటించగానే పంపు ప్లగ్ పీకేశాను. అప్పట్నుంచీ నీళ్లు తగ్గడం లేదు. లైనర్ చిరిగితే పంపు ఉన్నా లేకపోయినా కారాలిగా? చిరుగుకి కూడా సెలవులిస్తారా ఏంటి?"

"ఆ పంపు తోడేది కవరు మీది వాననీళ్లు. పూల్‌లో నీళ్లతో దానికేం సంబంధం?"

"అదే నేనూ అడుగుతున్నా. పది రోజుల్నుంచీ చినుకు లేదు. మరి బుధవారం దాకా అది ఏం తోడినట్టు?"

దివాకర్ ఇంటివైపు తిరిగాడు. "చలిగా ఉంది. లోపలికి పద."

నమ్రత కదిలితే కదా! నిచ్చెన ఎక్కి, తాడు పట్టి పంపుని పక్కకి లాగింది. అది కూర్చున్న చోట కవరుని పాత తువ్వాలుతో పొడిగా తుడిచి, అరచేత్తో గట్టిగా కిందికి నొక్కింది. వేళ్ల మధ్య నుంచి చల్లటి నీళ్లు బుడబుడమని పైకి ఉబికాయి.

"దొరికింది!" ఆమె కేకకి పక్కింటి కుక్క మొరిగింది. "లైనర్‌కి ఏమీ కాలేదు దివా! చిల్లు కవరుకి! పంపు బరువుకి కవరు కుంగింది, చిల్లులోంచి పూల్ నీళ్లు పైకొచ్చాయి, వాననీళ్లనుకుని పంపు తోడి పారబోసింది. మన పూల్‌ని మన పంపే తాగేసింది!"

సంతోషం పట్టలేక నిచ్చెన మీదే గంతులేసినంత పని చేసింది.

ట్రక్ అరగంట ముందే వచ్చింది. అందులోంచి దిగిన తెల్లగడ్డం పెద్దాయన సంగతంతా విని, నిచ్చెనెక్కి చిల్లు చూసి, బొటనవేలితో కొలిచాడు.

"ఉడత కొరికిందనుకున్నా మేడమ్," అన్నాడు ఇంగ్లిష్‌లో నవ్వుతూ. "కానీ నలుచదరంగా, నాలుగు మూలలూ సరిగ్గా కొరికే ఉడతని నేనెప్పుడూ చూళ్లేదు. ఇది బ్లేడుతో కోసింది. పైన ఓ అతుకు వేసుకోండి, చాలు."

నమ్రతకి షేక్‌హ్యాండిచ్చి, ఖాళీ ట్రక్ తోలుకుంటూ వెళ్లిపోయాడు. అది మలుపు తిరిగేదాకా ఆమె రెండు చేతులూ ఊపింది. గెలిచింది! పూల్ ఎక్కడికీ పోదు.

అప్పుడు వెనక్కి తిరిగింది. దివాకర్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"నువ్వేనా?"

అతను తలూపాడు.

"ఎందుకు దివా? ఈ వయసులో నేనో పని సొంతంగా నేర్చుకుంటే చూడలేకపోయావా? మానెయ్యమని నోటితో చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? నీళ్లలో నువ్వంత సంతోషంగా ఉంటే నోరెలా వస్తుంది?" అన్నాడు దివాకర్. "నువ్వు తల ముంచిన ప్రతిసారీ కిటికీ దగ్గర నిలబడి అంకెలు లెక్కపెట్టుకునేవాణ్ణి, నమ్రతా. నువ్వు పైకి రాకపోతే దిగి తియ్యాలంటే, నాకు నీళ్లంటే చచ్చేంత భయం."