అర మెట్టు

పల్లవి గొంతు ఆ పొద్దుటికి నాలుగోసారి విరిగింది.

అదే పాట. అదే చోటు. చివరి చరణంలో పైకెక్కే ఆఖరి మెట్టు.

పేరు పల్లవి కదా, చరణం దాకా రానివ్వరేమోనని ఆ పిల్లే ఒకప్పుడు జోకులేసేది. ఇప్పుడు నవ్వడం మానేసింది.

"నాకు గొంతు లేదు నాయనా. ఆదివారం పోను. ఫోన్ చేసి రానని చెప్పేస్తా."

ఆదివారం చెన్నైలో ఒక సంగీత కళాశాల ఎంపిక పరీక్ష. పాశ్చాత్య గానంలో పన్నెండే సీట్లు. రెండేళ్లుగా ఆ పిల్ల బతుకంతా దాని చుట్టూనే తిరుగుతోంది. గొంతు డాక్టరు మాత్రం, ఇంకో వారం ఇట్లాగే బిగబట్టి పాడితే పాట సంగతి తర్వాత, మాట కూడా మిగలదని చెప్పి పంపాడు.

తండ్రి మునిచంద్రకు వడమాలపేటలో ఎరువుల అంగడి. కుర్రతనం నుంచి మద్రాసు ఫుట్‌పాత్‌ల మీద జాజ్ రికార్డులు ఏరుకొచ్చిన మనిషి. ఎరువులమ్మేవాడికి ఈ ఎరువు తెచ్చుకున్న సంగీతం ఏమిటని ఊరు నవ్వేది. జాజ్ అంటే జాజిపూల బేరమనుకుని బుట్ట పట్టుకొచ్చినవాళ్లూ ఉన్నారు.

అన్ని రికార్డుల్లోకీ ఆయనకు ప్రాణం ఎర్ర అట్టది. పాత అమెరికా ప్రేమపాటలు. పాడినావిడ రోజలిన్, మద్రాసు ఆంగ్లో ఇండియన్. 1974 జూన్, మద్రాసు స్టూడియోలో ఒక్క సాయంత్రం పని. పియానో ఎవరు, డ్రమ్ములెవరు, మైకు ఏ రకం, ఏ పాట ఎన్నోసారికి కుదిరింది, అట్ట వెనక ఉన్నదంతా సుప్రభాతంలా అప్పజెప్పేవాడు.

రోజలిన్ ఏ శ్రుతిలో పాడితే కూతురూ ఆ శ్రుతిలోనే పాడాలి. కొంచెం దించుకుంటానంటే పాటకు అవమానమంటాడు. గొంతు కూతురిది, గొంతెమ్మ కోరిక తండ్రిది. శ్రుతి మించింది, ఇక రాగాన పడటమొక్కటే తరువాయి.

అప్పుడే గేటు చప్పుడైంది.

డెబ్బై దాటిన ముసలాయన. చేతిలో గుడ్డ సంచి, చెప్పుల నిండా దుమ్ము. నాయుడుపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చానన్నాడు. పాప పాడిన వీడియో ఫోన్‌లో చూశాడట, వెనక ఎర్ర అట్ట కనిపించిందట. ఆ రికార్డు ఒక్కసారి వినాలన్నాడు.

రికార్డుల మీద కన్నేసి వచ్చేవాళ్లు మునిచంద్రకు కొత్త కాదు. లోపలికి రమ్మనలేదు. వసారాలోనే నిలబడి కిటికీలోంచి వినమన్నాడు.

ముసలాయన కళ్లు మూసుకుని సగం పాట విన్నాడు.

"జోరుగా పోతా ఉండాదప్పా. శ్రుతి అర మెట్టు దించాల."

"నా ప్లేయరు కరెక్టుగానే ఉండాది. నిన్ననే సరి సూసినా."

"ప్లేయరు కాదు, రికార్డే. రికార్డింగ్ చేసిన పొద్దు టేపు మిషన్ నిదానంగా తిరిగినాది. నిదానంగా ఎక్కించింది మామూలుగా వాయిస్తే, జోరుగా, పైకి వస్తాది."

మునిచంద్రకు ఒళ్లు మండింది. అట్ట తిప్పి వివరాలన్నీ గడగడా చదివాడు. ఇందులో నీ పేరెక్కడుందో చూపించమన్నాడు.

"నా పేరు లేదప్పా."

"మరి నీకెట్ల తెలుసు పెద్దాయనా?"

ముసలాయన చెప్పబోయి, చేతిలోని గుడ్డ సంచి సర్దుకున్నాడు.

వంక పెట్టి రికార్డు కొట్టేయడానికి వచ్చిన రకమని మునిచంద్ర తేల్చేశాడు. గేటు చూపించాడు. మజ్జిగ తెస్తున్న భార్య అమలను కళ్లతోనే ఆపేశాడు.

ముసలాయన చెప్పులేసుకుని పల్లవి వైపు తిరిగాడు.

"ఆయమ్మ కూడా అంత పైకి పాడలేదమ్మా. నీ గొంతులో ఏం తక్కువ లేదు."

ఆయన సందు మలుపు తిరిగేదాకా పల్లవి చూస్తూ నిలబడింది. తర్వాత నాయన్ని అడక్కుండా ప్లేయరు పక్కనున్న, వేగం పెంచి దించే మర కొద్దిగా వెనక్కి తిప్పింది.

మునిచంద్ర వద్దనేలోపే రోజలిన్ గొంతు మారిపోయింది. ఇన్నాళ్లూ బస్సు వెంట పరిగెత్తుతూ పాడిన మనిషి, సీటు దొరికి కూర్చుని పాడుతున్నట్టుంది. ఎప్పుడూ కలవని పియానో, పల్లవి కీబోర్డుతో అచ్చంగా కలిసింది. అది కలవడం లేదని ఆ ఇంట్లో ఇప్పటికి మూడు కీబోర్డులు మార్చారు.

పల్లవి కూడా గొంతు కలిపింది. ఆఖరి మెట్టు వచ్చింది. ఎక్కింది. ఎక్కి, అక్కడ తాపీగా కాసేపు నిలబడింది కూడా.

మునిచంద్ర గడప మీద చతికిలబడ్డాడు. అమల చేతిలోని మజ్జిగ అందుకుని గటగటా తాగేశాడు. తాగాక గానీ అది ఎవరి కోసం తెచ్చిందో గుర్తు రాలేదు.

స్కూటరేసుకుని బస్టాపుకు ఉరికాడు. బస్సు వెళ్లిపోయింది.

ఆదివారం పల్లవి పాడింది. బుధవారం సీటు వచ్చినట్టు కబురొచ్చింది. ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి వదిలిన ఊపిరికి గోడ మీద క్యాలెండరు రెపరెపలాడింది.

ఆ సంబరంలో మునిచంద్ర, తనలాగే రికార్డులు పోగేసే చిత్తూరు సుబ్రమణ్యానికి ఫోన్ చేశాడు. ఆయన దగ్గరా అదే రికార్డు ఒకటుంది. అర మెట్టు రహస్యం ఊరించి ఊరించి చెప్పి, ఆ ముసలాయన ఎవరో, పేరేమిటో కూడా అడగలేదని బాధపడ్డాడు.

అవతల సుబ్రమణ్యం అందుకున్నాడు.

"మా ఇంటికీ వచ్చినాడబ్బా, పోయినేడు. నువ్వు నమ్మవని నీకు చెప్పలే. కూసోబెట్టి అన్నం పెడితే, చెయ్యి కడుక్కుంటా చెప్పినాడు. అచ్చేసిన మూడు వందల రికార్డులు యాడుండాయో ఒక్కొక్క ఇల్లే ఎతుక్కుంటా పోతా ఉండాడు. ఆ సాయంత్రం కరెంటు పోతే స్టూడియోలో జనరేటరు నడిపింది ఆయనే. అది నీరసంగా తిరిగి టేపు మిషన్‌నీ నిదానం చేసేది తెలిసీ, పని పోతాదని నోరు మూసుకున్నాడంట."