చాలనే దాకా

రేపటి కచేరీ కోసం రాత్రిపూట ఖాళీ హాల్లో సౌండాయన ఒక్కడే కూర్చుని వైర్లు కలుపుతున్నాడు. పాటల ప్లేయర్‌ను ఒకటో చానెల్‌కూ, కీబోర్డును రెండో చానెల్‌కూ తగిలించి, స్పీకర్ల వైర్లు మిక్సర్ వెనక బిగించాడు. నాలుగో చానెల్ జోలికి మాత్రం పోలేదు. అది చెల్లెలి మైకుది.

మైకు సరిచూసేటప్పుడల్లా ఆమె ఒకటి నుంచి లెక్కపెట్టేది. "నువ్వు చాలనే దాకా ఆపను అన్నయ్యా. గొంతు పోతే నీదే పూచీ," అని నవ్వేది. మూడు నెలల కిందట ఇదే హాల్లో, ఆమె పదిహేడు దగ్గర ఉండగా ఫోన్ మోగి అతను బయటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి స్టేజీ మీద పడి ఉంది. మళ్లీ లేవలేదు.

మిక్సర్ ఆన్ చేశాడు. నాలుగో చానెల్ మీద పచ్చలైటు మిణుకుమంది. ఆగి, మళ్లీ మిణుకుమంది. వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమాడు. అక్కడ వైరే లేదు.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"నలభై లక్షల పన్నెండు," అంటోంది చెల్లెలు. గొంతు బొంగురుపోయి, అలసిపోయి ఉంది. "నలభై లక్షల పదమూడు."

స్టేజీ మీదివాళ్లతో మాట్లాడే చిన్న మైకు అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆ ఒక్క మాట అనేస్తే పిచ్చితల్లి ఊపిరి పీల్చుకుంటుంది. అనేస్తే ఆ గొంతు ఇక ఈ జన్మకు వినబడదు.

మైకు నోటి దగ్గరికి తీసుకున్నాడు. చెల్లెలు ఆగింది, వింటున్నట్టు.

"ఇంకొక్కటి తల్లీ," అన్నాడు.