ఈరవ్వ సాక్ష్యం

"తారమ్మ నెలకు రెండుసార్లు బయట కూసుంటది డాక్టరమ్మా. ముట్టుబట్టలు నా చేతులతోనే ఉతుకుతున్న. అబద్ధమాడితే నా కండ్లు పోతయి," అంది చాకలి ఈరవ్వ.

ఎల్లారెడ్డిలో తెల్లారకముందే మోటారెక్కి, దుమ్ము తాగుతూ కామారెడ్డి దవాఖానకు చేరేసరికి నలుగురి మొహాలూ వాడిపోయాయి. ఆడవాళ్ల సంగతి తానెట్లా చెప్పేదని పురుషోత్తం ఈరవ్వను సాక్ష్యానికి తెచ్చాడు. అతని భార్య తార తల వంచుకుని కూచుంది. అరవైకి దగ్గరపడ్డ అతని తల్లి అనసూయమ్మ, భర్త పోయి ఇరవై ఏళ్లైన మనిషి, బెంచీ మీద గోడకు ఒరిగింది.

"పెండ్లయి ఐదేండ్లాయె. దీనికి కడుపు పండుతదా లేదా, ఒక్క మాట చెప్పుండ్రి. మాచారెడ్డిల ఇంకో పిల్లను చూసిన. ఎల్లుండి మాట ఇయ్యాలె," అన్నాడు పురుషోత్తం. ఎంత తొందరో చూడండి, సంతలో ఎద్దును మార్చినట్టు!

డాక్టరమ్మ అలసిన కళ్లు నలుపుకుంది. "అండాశయంలో ఒకరకం గడ్డ పుడితే ఇలా నెత్తురు పోతుంది. రాచపుండు జాతిదే, కానీ చాలా అరుదు. పదేళ్ల నౌకరీలో రెండే చూశాను. ఇద్దరూ ముసలివాళ్లే. మెల్లగా పెరుగుతుంది. ముందే కోసి తీసేస్తే బతుకుతారు."

"కోస్తే నిజంగ బతుకుతరా అమ్మా?" అంది అనసూయమ్మ.

"ఆలస్యం చెయ్యకపోతే బతుకుతారు."

కోడలంటే ఎంత పాణమో, అనుకుంది ఈరవ్వ.

డాక్టరమ్మ తారను తెర వెనక్కి తీసుకెళ్లింది. చాలాసేపటికి వచ్చి చేతులు కడుక్కుంటూ, "ఈ అమ్మాయికి గడ్డా లేదు, గిడ్డా లేదు. నాలుగో నెల కడుపు," అంది.

పురుషోత్తం నోరు తెరిచాడు. ఈరవ్వకు ఒళ్లు మండింది.

"గదెట్లయితది? మొన్న మంగళారం సుత ఉతికిన! ఒక్క నెల తప్పలే. తారమ్మా, నువ్వన్న చెప్పు. మరి ఆ బట్టలెవరియి?"

తార తలెత్తింది. కళ్లనిండా నీళ్లతో బెంచీ వైపు చూసింది.

అనసూయమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచింది.

"దాన్నేమనకుండ్రి. ముండమోసినదానికి ఈ వయసుల ముట్టంటే ఊరు ఊకుంటదా? నేనే ఒట్టేపిచ్చి, నా బదులు దాన్ని బయట కూసోబెట్టిన. ఆ కోతేదో నాకు కొయ్యి, బిడ్డా."