ఇత్తడి బిళ్ల

కాలరమ్మకి పరుగు నేర్పిన గురువు మూత్రం.

చొక్కాలకి కాలర్లు కుడుతుంది కాబట్టి ఆ బట్టల కంపెనీ షెడ్డులో ఆమెకి అదే పేరు. తొంభై మంది ఆడవాళ్లకి ఒక్కటే మరుగుదొడ్డి, అదీ షెడ్డు అవతలి కొసన. మేకుకి ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంటుంది. అది తీసుకుని ఒక్కరే వెళ్లాలి. నాలుగు నిమిషాల్లో తెచ్చి తగిలించాలి. ఆలస్యమైతే పేరు పక్కన ఎర్రగీత. మిషన్ల దగ్గర ఇద్దరు మాట్లాడుకున్నా గీతే. మూడు గీతలైతే ఇంటికే. బయట నలుగురు కలిసినా ఆ కబురు లోపలికి మోసే చెవులున్నాయి.

రెండో గీత పడ్డ మర్నాడు కాలరమ్మ నడవలేదు, పరిగెత్తింది. నలభై ఏళ్ల ఒళ్లు. ఊపిరి కొలిమి తిత్తిలా కొట్టుకుంది. అయితేనేం, పొద్దస్తమానం వంగి బిగుసుకుపోయిన వీపు విచ్చుకుంది. ముఖానికి గాలి తగిలింది. రెండున్నర నిమిషాల్లో బిళ్ల మేకుకెక్కింది.

ఆ రుచి మరిగింది. సాయంత్రం బస్సు వదిలేసి ఇంటిదాకా పరుగే.

"ఎవరు తరుముతున్నారే నిన్ను?" గుమ్మంలో అడిగాడు మొగుడు.

"ఎవరూ తరమట్లేదయ్యా. మజా అంతా అందులోనే ఉంది."

మోకాళ్ల నొప్పి పోయింది. కంటినిండా నిద్ర. కూతురితో కబుర్లాడే ఓపిక కూడా మిగులుతోంది. ఈ కాళ్లు కంపెనీవి కావు, నావి అనుకుంటూ పరిగెత్తేది.

ఎప్పుడూ వాచీ చూసే సూపర్‌వైజర్‌ని అందరూ గడియారం అంటారు. వాడు మురిసిపోయాడు. "చూసి నేర్చుకోండి. రేపట్నుంచి అందరూ పరిగెత్తాల్సిందే."

కాజాలు కుట్టే అక్కది షెడ్డంతటికీ పెద్ద నోరు. గడియారానికి వినబడేలా అంది: "చెంచా. మా ప్రాణాలు తీయడానికే పుట్టావే."

"కూర్చుని కూర్చుని తుప్పుపట్టాయి నీ కాళ్లు. పరిగెత్తి చూడక్కా, వదులుతుంది."

తిట్టుకుంటూనే అందరూ పరిగెత్తారు. వాళ్లకీ ఒళ్లు తేలికైంది. తిరిగి రావడం మాత్రం సరిగ్గా నాలుగో నిమిషానికే.

"పరుగున పోతారు, పరుగున వస్తారు. లోపల ఇంతసేపు ఏం చేస్తున్నట్టు?" అన్నాడు గడియారం.

"ఊపిరి తీసుకుంటున్నాం బాబూ," అంది కాజాలక్క.

మూడు నెలలకి యజమాని కాలరమ్మకి కప్పు ప్రకటించాడు. పనివాళ్ల ఆరోగ్యం మీద తన శ్రద్ధ చూపించుకోవాలని కార్మిక శాఖ అధికారిని పిలిచాడు. షెడ్డులోనే వేదిక వేసి మైకు పట్టుకున్నాడు.

"రెండున్నర నిమిషాలు చాలని ఈమె రుజువు చేసింది. రేపట్నుంచి అందరికీ అంతే."

మిషన్ల మీంచి తలలన్నీ కాలరమ్మ వైపు తిరిగాయి.

"పో. పోయి తెచ్చుకో నీ కప్పు," అంది కాజాలక్క.

కాలరమ్మ వేదిక మీదికి కూడా పరిగెత్తుకునే వెళ్లింది. ఎడంచేత్తో కప్పు అందుకుంది. కుడిచేత్తో జాకెట్‌లోంచి నాలుగు మడతల కాగితం తీసి అధికారి చేతిలో పెట్టింది.

ఆయన మడతలు విప్పాడు: 'మేం సంఘం పెట్టుకుంటున్నాం' అన్న ఒక్క వాక్యం కింద, మరుగుదొడ్డి నీళ్లతొట్టి వెనక, పరుగులో మిగిలిన నిమిషమున్నరలో ఒక్కొక్కరే పెట్టిన తొంభై సంతకాలున్నాయి, అన్నిటికన్నా పైన కాజాలక్కది.