పొద్దున పట్టిన మందు

చలి తగ్గుముఖం పట్టాక బడిలో సగం మందికి జ్వరాలు. కళ్ళద్దాల షాపులో పనిచేసే ఆమెకి మధ్యాహ్నం బడినుంచి ఫోనొచ్చింది. పరుగున వెళ్ళేసరికి కూతురు టీచరు ఒళ్ళో పడుకుని ఉంది.

"ఒళ్ళు కాలిపోతోందండీ. కొందరు తల్లులైతే పొద్దున్నే జ్వరం మందు పట్టేసి బడికి తోసేస్తారు. మీరు అలాంటివారు కాదులెండి," అంది టీచరు.

ఆమె తల వంచుకుని పాపని ఎత్తుకుంది. పొద్దున షాపు తెరవాల్సింది తనే. అందుకే నుదురు వెచ్చగా ఉన్నా మందు పట్టి, స్వెట్టరు తొడిగి బడిలో దింపేసింది.

గేటు దాటాక పాప గుసగుసగా అంది.

"అమ్మా, మందు తాగానని నేను చెప్పలేదు."

"చెప్పొద్దని నేననలేదు కదమ్మా."

"చెబితే నిన్ను తిడతారుగా."

ఆమె పాపని ఇంకాస్త పైకి ఎత్తుకుంది. పాప ఆమె భుజమ్మీద తల వాల్చి అడిగింది.

"నువ్వు రేపు కూడా షాపుకెళ్ళాలిగా. ఇంట్లో ఇంకా మందుందా అమ్మా?"