హ్యామర్స్ బోణీ

ఆ ఆదివారం పొద్దున సరిగ్గా పదకొండింటికి వెండెల్, ప్రుచా వాళ్ల మాంసం కొట్లో దొంగతనం చేశాడు. సాసేజ్‌ల దండ ఒకటి మెడలో వేసుకుని, "దొంగతనం చేస్తున్నాను, చూసుకో" అని కొట్టువాడికి చెప్పి మరీ బయటికొచ్చాడు.

"డబ్బులు రేపిద్దువులే" అన్నాడు కొట్టువాడు, తలెత్తకుండానే.

వెండెల్‌కి ఏడుపొచ్చింది. దొంగతనం కూడా చేతకాని బతుకు! ఇలాంటి అభిమానులున్న ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అఘోరించక ఏం చేస్తుంది? ఇక చేసేది లేక తనే పోలీస్ స్టేషన్‌కి నడిచాడు.

"లోర్నా, నన్ను లోపలెయ్యి. సాయంత్రం దాకా వదలొద్దు."

సార్జెంట్ లోర్నా అతనితో కలిసి చదువుకున్న మనిషే. మెడలో దండ వైపు ఓసారి చూసింది. "ఒంటిగంటకి ఆట పెట్టుకుని ఇదేం పనిరా?"

"అందుకే వచ్చాను. ఈ ఏడాది పదహారు ఆటలు చూశాను, పదహారూ పోయాయి. నాది ఐరన్ లెగ్. ఇవాళ ఆఖరిది. ఇదీ పోతే ఏడాదంతా బోణీ కొట్టని జట్టుగా మిగిలిపోతాం. ఇంట్లో ఉంటే టీవీ పెట్టకుండా ఉండలేను."

లోర్నా నవ్వలేదు. ఆ ఊళ్లో ఎవరూ నవ్వరు. జట్టు పేరుకి హ్యామర్స్, అంటే సుత్తులు; ఏడాదంతా ఒక్క మేకైనా దిగలేదు. మైదానానికి వెళ్లేవాళ్లు కాగితపు సంచికి కళ్ల దగ్గర రెండు చిల్లులు పెట్టి నెత్తిన తగిలించుకుంటున్నారు. టీవీలో చుట్టాలు గుర్తుపడితే పరువు పోతుందని భయం.

"లోపల ఇంకొకాయన ఉన్నాడు" అంది లోర్నా తాళం తీస్తూ. "ఆయన నెత్తి మీది సంచి మాత్రం లాగకు. లాగావంటే ఇక్కడ హత్య కేసు రాసుకోవాల్సొస్తుంది."

బల్ల మీద భారీ మనిషి ఒకడు సంచి తగిలించుకుని కూర్చున్నాడు. ముఖం కనిపిస్తే హత్యేనంటే అవతలి జట్టువాడై ఉంటాడని వెండెల్ దూరంగా కూర్చున్నాడు. కానీ నోరు ఊరుకుంటేగా!

"నువ్వేం చేశావు?"

"బేకరీ కిటికీ పగలగొట్టాను. నేను అక్కడుంటే హ్యామర్స్ గెలవరు. ఇవాళైనా వాళ్లకి నా నీడ తగలకూడదని."

వెండెల్‌కి ఒళ్లు మండింది. "ఏయ్, ఐరన్ లెగ్ నాది! నువ్వెన్ని ఆటలు చూశావేంటి?"

"పదహారూ. మైదానంలోనే."

"పక్క రాష్ట్రాల్లో ఆడినవి?"

"వాటికీ వెళ్లాను. విమానంలో."

వెండెల్ దగ్గరికి జరిగి కూర్చున్నాడు. తను సోఫాలో పడుకుని చిప్స్ నములుతూ తిట్టాడంతే. ఈ మహానుభావుడు ఓటమి ఎక్కడుంటే అక్కడికి ఎగిరి వెళ్లాడు. మొదటిసారి తన భక్తి మీద తనకే సిగ్గేసింది.

"మీ ఆవిడ ఏమీ అనదా?"

"ఇల్లు అమ్మకానికి పెట్టింది."

వెండెల్ జాలిపడి రెండు సాసేజ్‌లు తుంచి ఇచ్చాడు. ఆ మనిషి సంచి కిందనుంచి నోట్లోకి తోసుకున్నాడు. ఒంటిగంట కాగానే ఇద్దరూ చెవుల్లో వేళ్లు పెట్టుకుని గోడవైపు తిరిగారు. వింటే కూడా కీడేనని వెండెల్ అనుమానం.

నాలుగు దాటాక ఊళ్లో కార్ల హారన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. లోర్నా తాళాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమె చెంపలు తడిసి ఉన్నాయి.

"గెలిచాం వెండెల్! పద్నాలుగు, పదమూడు!"

వెండెల్ సంచి మనిషిని వాటేసుకుని గంతులేశాడు. "చెప్పానా! నేను చూడకపోతే గెలుస్తారని చెప్పానా! ఊరికి ఇంత మేలు చేశాను, నాకు ఒక విగ్రహమైనా పెట్టరు!"

"నువ్వు పో నాయనా. కొట్టువాడు నీ మీద కేసే వద్దన్నాడు" అంటూ లోర్నా అతన్ని బయటికి లాగింది. వెనకే లేచొస్తున్న సంచి మనిషి ముఖం మీదే తలుపు మళ్లీ వేసి తాళం పెట్టింది.

"మీరు మాత్రం కూర్చోండి, కోచ్ గారూ. మీరు లేకపోయేసరికి కుర్రాళ్లు తమకు తోచినట్టు ఆడి గెలిచారని రేడియోలో చెప్పారు. మీరిక్కడున్నారని తెలిసి ఊరంతా బయట నిలబడింది, మీకు బెయిలు ఇవ్వొద్దని."