చుప్ అను మాట గురించి మనవి

ఘనత వహించిన అధికారులవారి సముఖానికి, సముద్రం దాటి వచ్చి లంబాసా చెరుకుతోటల కూలీ లైన్లలో ఉంటున్న తెలుగువారు సవినయంగా చేసుకొను విన్నపం.

మా పిల్లలకు చదువు మీద మక్కువ పెంచుటకై తాము బడికి ఒక పుస్తకాల బీరువా దయచేసినారు. పెద్ద తరగతిలో దానిని రోజూ తెరిపించిన పిల్ల పైడమ్మ ఒక్కతే. హిందీ అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివేది.

బీరువా దగ్గర నిశ్శబ్దం పాటించాలని నియమం. హిందూస్థానీ మాస్టరుగారు "చుప్!" అన్నారు. అది "చెప్పు" అని వినిపించడంతో పైడమ్మ గొంతు పెంచింది. ఆయన అరిచినకొద్దీ మరింత శ్రద్ధగా చదివింది. చివరకు ఆ మాటకు అర్థమేమిటో బెత్తం బోధించింది.

"ఎందుకు కొట్టినాడే?" అని తల్లి అచ్చియమ్మ అడిగింది.

"ఈ దేశంలో చెప్పు అంటే నోరు మూసుకోమనంటమ్మా."

తల్లి పడీపడీ నవ్వింది.

పైడమ్మ బీరువా వైపు పోవడం మానుకుంది. నిశ్శబ్దం భేషుగ్గా ఉందని తనిఖీ అధికారి మెచ్చుకున్నారు.

తరువాత చెరుకుతోటలో దొర అచ్చియమ్మను కొరడాతో కొట్టాడు. చూసినది కూతురొక్కతే. కోర్టులో హిందూస్థానీ దుబాసీ తనకు వచ్చిన ఒకే ఒక తెలుగు మాటతో ఆ పిల్లను గద్దించాడు.

"చెప్పు!"

పైడమ్మ నోరు మూసుకుంది. ఆయన గద్దించినకొద్దీ మరింత గట్టిగా మూసుకుంది. అబద్ధపు ఫిర్యాదు చేసిన నేరానికి అచ్చియమ్మను జైలుకు పంపారు.

కావున మా కోరిక, నంబరు ఒకటి: మా పిల్లల నోరు ఏ భాషలో మూయించినారో, ఆ భాషలోనే తెరవమని అడిగించవలెను.